మన ఎమ్మెస్సీ పిల్లలకు ఆ మొదటి మెట్టు కట్టండి: తిరుపతి, చిత్తూరు సైన్స్ అధ్యాపకులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల డిగ్రీ, పీజీ కళాశాలల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చెబుతున్న అయ్యవార్లకు, మేడమ్‌లకు, సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు నమస్కారం.

నేను చిత్తూరులో డిగ్రీ, తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఒకటే పని చేశాను. అణు రియాక్టర్లలో వాడే ఇంధనం లోపల, తేలిక కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ యంత్రాల గోడల లోపల పరమాణువులు ఎలా కదులుతాయో, ఆ పదార్థం ఎంతకాలం నిలబడుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడం నా వృత్తి. ఇలాంటి వృత్తి ఒకటుందని మన జిల్లాల్లో పీజీ చదివే పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలిసిన ఆ కొద్దిమందికీ మొదటి మెట్టు మన కాలేజీల్లో దొరకడం లేదు. మీరు ఆ మెట్టు కట్టాలని అడగడానికే ఈ ఉత్తరం. ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీలో కంప్యూటేషనల్ మెటీరియల్స్ సైన్స్‌ను, అంటే పదార్థాల గుణాలను కంప్యూటర్ మీద లెక్కగట్టే ఈ విద్యను, ఒక పేపరుగా, దానికి వారం వారం ల్యాబ్‌తో సహా పెట్టండి. కంప్యూటర్ మీద చేసిన ప్రాజెక్టును ప్రయోగశాలలో చేసిన ప్రాజెక్టుతో సమానంగా ఒప్పుకోండి.

ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఆ పని ఏమిటో ముందు చెప్పాలి.

రియాక్టర్ ఇంధనం అంటే నల్లటి చిన్న బిళ్ల. యురేనియం డయాక్సైడ్ పొడిని గట్టిగా నొక్కి, బాగా ఎక్కువ వేడిలో కాల్చి చేస్తారు. మనకు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. ఆ బిళ్లల్ని జిర్కోనియం మిశ్రమ లోహపు సన్నటి గొట్టాల్లో పేర్చి చివర్లు మూసేస్తారు. మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లలో అలాంటి గొట్టాలు 19 కలిపి ఒక కట్ట, 700 మెగావాట్ల వాటిలో 37 కలిపి ఒక కట్ట. చూడటానికి ఇంతే. కానీ రియాక్టర్‌లోకి వెళ్లాక ఆ బిళ్ల పడే పాట్లు మామూలువి కావు. మధ్యలో వెయ్యి డిగ్రీలు దాటే వేడి, అంచున నాలుగైదు వందలు, రెంటికీ మధ్య దూరం అర సెంటీమీటరు. యురేనియం డయాక్సైడ్ వేడిని సరిగా పోనివ్వదు కాబట్టి ఇంత తేడా. ఆ తేడాకు బిళ్ల పగుళ్లిస్తుంది. యురేనియం కేంద్రకం చీలిన ప్రతిసారీ రెండు కొత్త మూలకాలు పుడతాయి. కొన్ని నెలలకు ఆ బిళ్లలో ఆవర్తన పట్టికలోని సగానికి సగం కుటుంబాలు కాపురం పెడతాయి. వాటిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది జెనాన్.

జెనాన్ జడవాయువు. ఎవరితోనూ కలవదు, యురేనియం డయాక్సైడ్ స్ఫటికంలో దానికి చోటు లేదు. వంద కేంద్రకాలు చీలితే పాతిక, ముప్పై దాకా జెనాన్, క్రిప్టాన్ పరమాణువులు మిగులుతాయి. అవి ఒకదాన్నొకటి వెతుక్కుని బుడగలు కడతాయి, బిళ్ల ఉబ్బుతుంది. కొంత వాయువు బయటికొచ్చి గొట్టంలో చేరి లోపలి ఒత్తిడి పెంచుతుంది. బిళ్లకూ గొట్టానికీ మధ్య హీలియం నింపిన సన్నటి సందులో జెనాన్ కలిస్తే వేడి బయటికి పోవడం ఇంకా తగ్గుతుంది, దాంతో బిళ్ల ఇంకా వేడెక్కుతుంది, ఇంకాస్త వాయువు వదులుతుంది. గొట్టం పగలకుండా ఎంతకాలం ఉంటుందో చెప్పాలంటే ఈ చక్రాన్ని అంకెల్లో పట్టుకోవాలి.

నా ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం ఒక్క ప్రశ్న మీద గడిచింది. జెనాన్ పరమాణువు యురేనియం డయాక్సైడ్‌లో ఎలా నడుస్తుంది? అది ఒక యురేనియం, రెండు ఆక్సిజన్ పరమాణువులు ఖాళీ చేసిన చోట కూర్చుంటుంది. అక్కడి నుంచి కదలాలంటే పక్కన ఇంకో యురేనియం ఖాళీ వచ్చి చేరాలి. ఆ రెండో ఖాళీ సాయం లేకుండా జెనాన్ అడుగు కదపదు. ఈ మాట చెప్పాలంటే ఒక్కో గెంతుకు ఎంత శక్తి కావాలి, ఏ వేడిలో సెకనుకు ఎన్ని గెంతులు అన్నది లెక్క తేలాలి. దీన్ని కంటితో చూసే సాధనం లేదు. వాడిన ఇంధనాన్ని పరీక్షించాలంటే మందమైన కాంక్రీటు గోడలు, సీసం కలిపిన గాజు కిటికీలు, యంత్రపు చేతులు ఉన్న హాట్ సెల్ కావాలి. ముందు ఏళ్ల తరబడి రియాక్టర్‌లో ఉంచి, తర్వాత చల్లారేదాకా ఆగాలి. అలాంటి ప్రయోగాలు ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల జరుగుతాయి, ఒక్కోదానికి అయ్యే ఖర్చు ఎక్కువ. అందుకే ప్రయోగం చెయ్యబోయే ముందూ, చేశాక దాని ఫలితాన్ని అర్థం చేసుకోవడానికీ లెక్క కావాలి.

ఈ లెక్క తేలిక కాదని మీకు తెలుసు. పదార్థంలోని ఎలక్ట్రాన్ల శక్తిని లెక్కగట్టే డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం 1964, 1965 సంవత్సరాల్లో వచ్చింది. దాని వెనక ఉన్న వాల్టర్ కోన్ భౌతిక శాస్త్రవేత్త అయినా 1998లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. ఆ సిద్ధాంతాన్ని మామూలుగా యురేనియం డయాక్సైడ్‌కు వాడితే అది లోహమని జవాబొస్తుంది. కానీ అది లోహం కాదు. యురేనియంలో 5ఎఫ్ అనే కక్ష్యలో ఉండే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి, ఆ నెట్టుకోవడాన్ని విడిగా కలిపితే తప్ప సరైన జవాబు రాదు. కలిపాక కూడా కంప్యూటర్ ఒక్కోసారి నిజమైన కనిష్ఠ శక్తి దగ్గరికి వెళ్లకుండా మధ్యలో ఎక్కడో ఆగిపోయి ‘లెక్క పూర్తయింది’ అంటుంది. దాన్ని నమ్మితే తర్వాత చేసినదంతా తప్పే. ఈ రంగంలో మనిషి విలువ ఇక్కడే తెలుస్తుంది. కోడ్ నడపడం వారంలో వస్తుంది. వచ్చిన అంకెను అనుమానించడం ఏళ్ల మీద వస్తుంది. క్లాసులో మీరు నేర్పగలిగింది, నేర్పాల్సింది ఆ అనుమానమే.

పరమాణువుల లెక్క అక్కడితో ఆగదు. ఎలక్ట్రాన్ల స్థాయిలో దొరికిన అంకెలు పరమాణువుల కదలిక లెక్కకు, అక్కడి అంకెలు బుడగల పెరుగుదల లెక్కకు, అవి చివరికి మొత్తం బిళ్ల, గొట్టం ప్రవర్తన చెప్పే పెద్ద కోడ్‌కు వెళ్తాయి. అమెరికాలోని ఐడహో నేషనల్ లేబొరేటరీ రాసిన బైసన్ అలాంటి కోడ్. కింద ఒక ఖాళీ ఏర్పడటానికి పట్టే శక్తిలో పొరపాటు జరిగితే పైన ఐదేళ్ల తర్వాత గొట్టంలో ఉండే ఒత్తిడి మారిపోతుంది. ఒక ఎమ్మెస్సీ విద్యార్థి వేసే లెక్కకు, ఒక రియాక్టర్ భద్రతకు మధ్య ఉన్న దారి అంత దగ్గరిది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో జిర్కోనియం గొట్టాలు విపరీతంగా వేడెక్కి, నీటి ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టించాయి, భవనాలు పేలాయి. ఆ తర్వాత గొట్టాలకు క్రోమియం పూత వెయ్యడం, సిలికాన్ కార్బైడ్ గొట్టాలు వాడటం, బిళ్లలో కొంచెం క్రోమియం ఆక్సైడ్ కలపడం లాంటి దారులు ప్రపంచమంతా వెతుకుతోంది. ఏ దారి ప్రయోగానికి తగినదో వడగట్టేది ముందు ఈ లెక్కలే.

ఫ్యూజన్ సంగతి ఇంకా గట్టిది. హైడ్రోజన్ బరువైన రూపాలు డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. అందులో 14.1 న్యూట్రాన్ తీసుకుపోతుంది. దానికి విద్యుదావేశం లేదు, అయస్కాంతాలు దాన్ని ఆపలేవు, నేరుగా గోడలోకి దూరుతుంది. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని జెట్ అనే ఫ్యూజన్ యంత్రం దాదాపు ఐదు సెకన్లలో 69 మెగాజౌళ్ల ఫ్యూజన్ శక్తిని ఇచ్చింది. కరెంటు లెక్కలో చూస్తే అది 19 యూనిట్లు. ఇంధనం మాత్రం 0.2 మిల్లీగ్రాములు. ఆ ఐదు సెకన్లను ఏళ్ల తరబడి సాగదీయాలంటే అడ్డం నిలబడే పెద్ద సమస్యల్లో గోడ ఒకటి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే అంతర్జాతీయ ఫ్యూజన్ యంత్రంలో మన దేశం 2005 నుంచి భాగస్వామి. దాని బయటి క్రయోస్టాట్, దాదాపు ముప్పై మీటర్ల ఎత్తు ఉక్కు పాత్ర, గుజరాత్‌లోని హజీరాలో తయారైన భాగాలతో కట్టారు. దాని లోపలి గోడకు మొదట బెరీలియం అనుకున్నవాళ్లు తర్వాత టంగ్‌స్టన్‌కు మారారు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు.

కరగకపోవడం ఒక్కటే సరిపోదు. 14.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ టంగ్‌స్టన్ పరమాణువును ఎదురుగా గుద్దితే గరిష్ఠంగా మూడు లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇవ్వగలదు. అదే ఇనుము పరమాణువుకైతే పది లక్షల దగ్గరికి. ఇది డిగ్రీ మొదటి ఏడాది చెప్పే అభిఘాతాల పాఠమే. రేపు క్లాసులో లెక్కగా ఇచ్చి చూడండి, పిల్లలు ఐదు నిమిషాల్లో చేస్తారు. టంగ్‌స్టన్ పరమాణువును తన చోటు నుంచి లేపడానికి సుమారు 90 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. అంటే దెబ్బ తిన్న మొదటి పరమాణువు తన చుట్టూ వందల పరమాణువుల్ని చెదరగొడుతుంది. సెకనును కోటి కోట్ల ముక్కలు చేస్తే వాటిలో కొన్ని వందల ముక్కల్లో ఈ తుఫాను మొత్తం అయిపోతుంది. చాలా పరమాణువులు మళ్లీ వాటి చోట్లలో సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. ఆ కొన్నే గోడ ఆయుష్షును నిర్ణయిస్తాయి.

సర్దుకోని అదనపు పరమాణువు టంగ్‌స్టన్‌లో చేసే పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అది ఒక చోట ఇరుక్కుని ఉండదు. ఒక వరుసలోకి దూరుతుంది. తిరుమల క్యూ లైన్‌లో మధ్యలో ఒక మనిషి చొరబడితే ముందూ వెనకా పదిమంది తలో బెత్తెడు జరుగుతారు, అదనంగా ఉన్నదెవరో చూసేవాళ్లకు తెలియదు, కానీ ఆ ఇరుకు లైన్ వెంట ముందుకో వెనక్కో జరుగుతూ పోతుంది. టంగ్‌స్టన్‌లోనూ అంతే. ఆ ఇరుకు బాగా చల్లటి స్థితిలో కూడా వరుస వెంట జారిపోతుంది. ఖాళీలు కదలాలంటే మాత్రం వందల డిగ్రీల వేడి కావాలి. ఈ రెండింటి వేగాల్లో తేడా వల్లే ఖాళీలు మిగిలిపోతాయి, వాటిలో హీలియం చేరుతుంది, బుడగలు కడుతుంది, లోహం పెళుసవుతుంది. ట్రిటియం కూడా ఆ ఖాళీల్లోనే చిక్కుకుంటుంది. 12.3 ఏళ్ల అర్ధాయువు ఉన్న, ప్రకృతిలో దాదాపు దొరకని ట్రిటియాన్ని గోడ దాచేసుకుంటే ఫ్యూజన్ రియాక్టర్ ఇంధన లెక్కే తలకిందులవుతుంది.

దీన్నంతా ప్రయోగంతోనే తేల్చవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఫ్యూజన్ రియాక్టర్ గోడ మీద పడేంత జోరుగా, అంతే శక్తితో న్యూట్రాన్లను ఏళ్ల తరబడి కురిపించి పదార్థాన్ని పరీక్షించే యంత్రం ఇంతవరకూ నడవలేదు. దానికోసమే స్పెయిన్‌లోని గ్రనడా దగ్గర ఒకటి కడుతున్నారు. ఈలోగా ఉన్నవి కేంద్రకాలను చీల్చే మామూలు అణు రియాక్టర్ల న్యూట్రాన్లు, అయాన్ యాక్సిలరేటర్లు. అవి ఇచ్చిన ఫలితాల నుంచి ఫ్యూజన్ పరిస్థితికి వంతెన కట్టాలంటే గణన తప్ప దారి లేదు. మన దేశంలో గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఆదిత్య టోకమాక్ అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రం 1989 నుంచి పనిచేసింది. ఆ సంస్థ, కల్పాక్కం ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని ప్రత్యేక లోహాల సంస్థ మిధాని కలిసి ఫ్యూజన్ కోసం మన సొంత ఉక్కును కూడా తయారుచేశాయి. ఐటర్ ఇప్పటి ప్రణాళిక ప్రకారం డ్యుటీరియం, ట్రిటియం ప్రయోగాలు 2039లో. ఈరోజు మీ క్లాసులో కూర్చున్న అమ్మాయి అప్పటికి తన పరిశోధనలో పదునెక్కిన వయసులో ఉంటుంది. ఆ గోడ గురించి మాట్లాడేవాళ్లలో ఆమె ఎందుకు ఉండకూడదు?

మనవాళ్లకు ఇది కొత్త విద్య కూడా కాదు. పరమాణువుల కదలికను కంప్యూటర్ మీద అడుగడుగునా లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్‌కు పితామహుడని ప్రపంచం పిలిచే అనీసుర్ రహ్మాన్ హైదరాబాద్‌లో పుట్టారు. 1964లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో, ఒక అణు పరిశోధనశాలలోనే, 864 ఆర్గాన్ పరమాణువులతో ద్రవ ఆర్గాన్‌ను లెక్కగట్టారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ గణన భౌతిక శాస్త్రానికి ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. రహ్మాన్ లెక్కకు నాలుగేళ్ల ముందే, 1960లో, అమెరికాలోని, బ్రూక్‌హేవెన్‌లో నలుగురు శాస్త్రవేత్తలు కొన్ని వందల రాగి పరమాణువుల మధ్య రేడియేషన్ దెబ్బ ఎలా పాకుతుందో లెక్కించి చూపించారు. ఆనాటి ఆ లెక్కలు ఇవాళ మీ కాలేజీ ఆఫీసులో హాల్ టికెట్లు ప్రింట్ చేసే కంప్యూటర్ నిమిషాల్లో చేస్తుంది. హైదరాబాద్‌లో పుట్టిన మనిషి అరవై ఏళ్ల కింద చేసిన పని మన ఎమ్మెస్సీ సిలబస్‌లో ఒక ల్యాబ్ ప్రాక్టికల్‌గా కూడా చాలాచోట్ల లేదంటే నాకు బాధగా ఉంటుంది.

పోయిన ఏడాది ఒక కాలేజీ నుంచి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ కాలేజీ పేరు, ఊరు పేరు ఇక్కడ అవసరం లేదు. తండ్రి ఆటో నడుపుతారు, ఇంటర్ దాకా తెలుగు మీడియం. టంగ్‌స్టన్‌లో ఖాళీ ఏర్పడే శక్తిని తన లాప్‌టాప్‌లో తనే లెక్కగట్టి, వచ్చిన అంకె పుస్తకంలో అంకెకు ఎందుకు దగ్గరగా ఉందో, ఎందుకు కొంచెం తేడా ఉందో నాకు చెప్పింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు పీహెచ్‌డీ రెండో ఏడాది వాళ్లు అడిగేవి. కానీ ఆ పనిని ప్రాజెక్టుగా పెడతానంటే ఇందులో ప్రయోగం లేదు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒప్పుకోరు అన్నారట. చివరికి డబ్బు కట్టి బయట దొరికే థిన్ ఫిల్మ్ ప్రాజెక్టు రిపోర్టు ఒకటి తెచ్చి బైండింగ్ చేయించి ఇచ్చింది. దానికి మంచి మార్కులొచ్చాయి. తను నిజంగా చేసిన పని ఆ మార్కుల జాబితాలో ఎక్కడా లేదు.

ఇది ఒక గైడ్ మీద నేరం మోపడానికి చెప్పడం లేదు. నిబంధన లేనప్పుడు ఏ గైడ్ అయినా భయపడతారు, వైవాలో విద్యార్థికి టెన్షన్ వద్దనే అనుకుంటారు. అందుకే వ్యక్తులను కాక బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ను అడుగుతున్నాను. ప్రాజెక్టు నిబంధనల్లో ‘ప్రయోగాత్మక లేదా గణనాత్మక’ అని రాతపూర్వకంగా చేర్చండి. కొన్న రిపోర్టుల బెడద కూడా దీంతో తగ్గుతుంది. లెక్కను పట్టుకోవడం సులువు. ఇన్‌పుట్ ఫైల్ తెరిచి ఒక విలువ మార్చి మళ్లీ నడపమంటే చేసినవాళ్లెవరో, కొన్నవాళ్లెవరో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఖర్చు సంగతి చూద్దాం. ఈ లెక్కలు చేసే లాంప్స్, క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే రెండు ప్రోగ్రాములు ఉచితం. ప్రపంచంలోని పెద్ద పరిశోధనశాలలు వాడేవి కూడా ఇవే. అవి నడిచే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితం. పాత కంప్యూటర్ ల్యాబ్‌లో ఉన్న మామూలు యంత్రాలకు కాస్త మెమరీ పెంచితే మొదటి ఏడాదికి సరిపోతుంది. ఆర్గాన్‌తో మొదలుపెట్టండి, రహ్మాన్ లెక్కను పిల్లలతో మళ్లీ చేయించండి. తర్వాత రాగిలో ఒక ఖాళీ. తర్వాత టంగ్‌స్టన్‌లో అదనపు పరమాణువు. అణు ఇంధనానికి వచ్చేసరికి యురేనియం డయాక్సైడ్‌తో మాత్రం మొదలుపెట్టకండి, పిల్లలు 5ఎఫ్ ఎలక్ట్రాన్ల దగ్గర చిక్కుకుని విసిగిపోతారు. థోరియం డయాక్సైడ్ తీసుకోండి. స్ఫటిక నిర్మాణం అదే, కానీ థోరియం ఆక్సైడ్‌లో 5ఎఫ్ ఎలక్ట్రాన్ల బెడద లేదు, మామూలు లెక్కే మంచి జవాబిస్తుంది. దాని యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడి, అంచు ఎక్స్‌రే కొలతలో సుమారు 5.60 ఆంగ్‌స్ట్రామ్‌లు. విద్యార్థి లెక్కలో ఎంత వచ్చిందో పక్కన పెట్టి పోల్చమనండి. మన తీరపు ఇసుకలోని మోనజైట్‌లో ఉన్నది ఈ థోరియమే, హోమీ భాభా వేసిన మూడు దశల అణు విద్యుత్ కార్యక్రమం చివరికి ఆధారపడేదీ దీని మీదే. పిల్లలకు ఆ ఉత్సాహం కూడా తోడవుతుంది.

ఎస్వీ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగానికి రేర్ ఎర్త్ కలిపిన గాజుల స్పెక్ట్రోస్కోపీలో మంచి పేరుంది. వాడిన ఇంధనాన్ని శుద్ధి చేశాక మిగిలే ప్రమాదకరమైన వ్యర్థాన్ని మన దేశంలో బోరోసిలికేట్ గాజులో కలిపి గట్టిపరుస్తారు. ఆ వ్యర్థంలో రేర్ ఎర్త్ మూలకాలు పుష్కలం. గాజులో ఏ మూలకం ఎలా ఇముడుతుంది, ఎన్నేళ్లకు నీటిలోకి జారుతుంది అన్నవి లెక్కలూ కొలతలూ కలిసి తేల్చాల్సిన ప్రశ్నలు. గాజు చేసే చేతులు, దాని కాంతిని కొలిచే యంత్రాలు ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. గణన ఒక్కటి తోడైతే ఆ ప్రశ్నల్లో కొన్నిటికి జవాబు ఇక్కడి నుంచే వెళ్లవచ్చు. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. సూపర్ కంప్యూటర్ల కోసం 2015లో మొదలైన జాతీయ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ, బెంగళూరు ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ నడుస్తున్నాయి. పెద్ద లెక్కలకు తలుపు తట్టడానికి చోట్లున్నాయి, కానీ తట్టడానికి వెళ్లే పిల్లకు ముందు లైనక్స్ టెర్మినల్ అంటే భయం పోవాలి.

ఉద్యోగాల గురించి నిజం చెబుతాను, ఆశలు పెంచను. భాభా అణు పరిశోధన కేంద్రం ట్రైనింగ్ స్కూల్ 1957 నుంచి ఉంది, ఎమ్మెస్సీ పిల్లలు గేట్ స్కోరుతో అక్కడికి వెళ్లవచ్చు. కల్పాక్కం, గాంధీనగర్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, అణు విద్యుత్ సంస్థ, అణు శక్తి నియంత్రణ మండలి, అన్నిచోట్లా ఇలాంటి లెక్కలు చేసేవాళ్లు కావాలి. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ లక్ష్యమని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు, చిన్న రియాక్టర్ల కోసం 20,000 కోట్లు కేటాయించారు. అయినా పర్మనెంట్ పోస్టులు తక్కువే. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ అంటూ ఊరు మారడం, ఫెలోషిప్ డబ్బు ఆలస్యం కావడం అన్నీ ఉంటాయి. ఆడపిల్లలకు పెళ్లి ఒత్తిడి వేరే. నాకూ ఇంట్లో ఆ మాటలు తప్పలేదు. మా అమ్మ ఒక్కతే ‘దానికి చేతనైనంత చదువుకోనీ’ అని గట్టిగా నిలబడింది. ఇక్కడ నేర్చిన విద్య మాత్రం వృథా పోదు. టంగ్‌స్టన్‌లో ఖాళీని లెక్కించిన చేతే బ్యాటరీలో లిథియం కదలికను, సెమీకండక్టర్‌లో మలినాన్ని, ఉక్కులో పగులును లెక్కించగలదు. నాతో కలిసి పనిచేసిన చాలామంది అలా వేరే రంగాలకు వెళ్లి బాగున్నారు.

తల్లిదండ్రులకు రేడియేషన్ అంటే భయం ఉంటుంది. ఈ పనిలో రేడియోధార్మిక పదార్థాన్ని తాకాల్సిన అవసరమే లేదని వాళ్లకు మీరు చెప్పండి. మీరు చెబితే వింటారు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని మనకు దూరం కాదు. అక్కడి రైతులు బోరు నీళ్ల గురించి అడుగుతున్న ప్రశ్నలు న్యాయమైనవి. యురేనియం మట్టిలో, రాయిలో, నీటిలో ఎలా కదులుతుందో లెక్కించి, కొలిచి, ఆ జవాబును వాళ్ల భాషలో వాళ్ల ముందు పెట్టగలిగినవాళ్లు రాయలసీమలోనే తయారు కావాలి. అణు విద్యుత్‌ను సమర్థించేవాళ్లకూ, వ్యతిరేకించేవాళ్లకూ కూడా ఆ జవాబు తెలిసినవాళ్లు కావాలి.

మీ మీద ఉన్న భారం నాకు తెలుసు. ఖాళీ పోస్టులు నింపరు, గెస్ట్ ఫ్యాకల్టీకి జీతాలు సమయానికి రావు, అడ్మిషన్ల పని కూడా మీదే, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ బృందం వస్తే రాత్రింబవళ్లు ఫైళ్లు. కొత్త పేపరు అంటే మీకు ఇంకో బరువు అని అర్థమవుతుంది. అందుకే వట్టి కోరికతో రావడం లేదు. నేను ఇప్పుడు తిరుపతిలోనే ఉంటున్నాను. ఒక సెమిస్టర్‌కు సరిపడే పాఠ్యప్రణాళిక, ప్రతి ప్రాక్టికల్‌కు ఇన్‌పుట్ ఫైళ్లు, తెలుగులో వివరణ, వైవా ప్రశ్నలు రాసి పెట్టాను. ఏ కాలేజీ అయినా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నా పేరు వెయ్యక్కర్లేదు. వేసవి సెలవుల్లో అధ్యాపకుల కోసం రెండు వారాల శిక్షణ పెడితే నేనే వచ్చి చెబుతాను. చిత్తూరైనా, పలమనేరైనా, శ్రీకాళహస్తయినా, కుప్పమైనా వస్తాను. బస్సు చార్జీ కూడా అడగను.

మీ నుంచి కావాల్సింది వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఎజెండాలో ఈ పేపరును, ప్రాజెక్టు నిబంధనలో ఆ రెండు మాటల సవరణను చేర్చడం. కొత్త పేపరుకు సమయం పడుతుందంటే సవరణను ముందు చెయ్యండి. దానికి కంప్యూటర్లు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, తీర్మానం ఒక్కటి చాలు. అది జరిగితే ఈ ఏడాది రెండో సంవత్సరంలో ఉన్న పిల్లలే తమ సొంత లెక్కతో వైవాకు కూర్చోగలుగుతారు. సమావేశానికి పిలిస్తే వచ్చి సభ్యుల సందేహాలకు జవాబు చెబుతాను, ఒక లాప్‌టాప్ తెచ్చి మీ ముందే థోరియం ఆక్సైడ్ లెక్క నడిపి చూపిస్తాను.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని,
అణు ఇంధనాలు, ఫ్యూజన్ పదార్థాల గణన పరిశోధకురాలు,
తిరుపతి